ఎండకూ ఇంధనానికీ నడుమ ఒక కనుమ

అరసవల్లి పేరు వినగానే ఆంధ్రులకు సూర్యుడు గుర్తుకు వస్తాడు. ఇక్కడి సూర్యదేవాలయం ఈ ఊరికి తెచ్చిన ప్రసిద్ధి అది. ఎండ మాత్రం మన అందరి వాకిళ్ళలోనూ సమానంగానే పడుతుంది. అయితే ఎండతో తీసే విద్యుత్తు పొద్దు గూకగానే ఆగిపోతుంది. దానిని నిల్వ చేసుకొనే మార్గాలలో ఒకటి, ఆ విద్యుత్తుతో నీటిని విడదీసి హైడ్రోజన్ తీయడం.

మన ఉత్తరాంధ్రలోనే ఈ పనిని భారీ ఎత్తున తలపెట్టారు. అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ సంస్థ నెలకొల్పే హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నంలో శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలనీ, దాని ఆధారంగా యూరియా, మిథనాల్, విమాన ఇంధనం తయారు చేయాలనీ సంకల్పం. యూరియా ధర వరి పండించే ప్రతి ఇంటికీ సంబంధించినది. కనుక హైడ్రోజన్ ఎంత చౌకగా వస్తుందన్న ప్రశ్న మనది కూడా.

ఆ ఖర్చును నిర్ణయించే వాటిలో ఉత్ప్రేరకం ముఖ్యమైనది. కొండకు అటూ ఇటూ రెండు ఊళ్ళు ఉన్నాయనుకుందాం. శిఖరం ఎక్కి దిగేవాడు అలసిపోతాడు; కనుమ గుండా వెళ్ళేవాడు తక్కువ శ్రమతో దాటుతాడు. ఉత్ప్రేరకం అటువంటి కనుమ. అది తానుగా శక్తిని ఇవ్వదు, చర్యలో ఖర్చయిపోదు. దారిని సులభం చేస్తుంది. ఈ ప్రభావానికి స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1835లో పేరు పెట్టారు.

కిలో హైడ్రోజన్ తీయడానికి సిద్ధాంతరీత్యా సుమారు 39 యూనిట్ల విద్యుత్తు చాలు. నేటి యంత్రాలు 50 యూనిట్లకు పైగానే తీసుకుంటున్నాయి. అదనపు విద్యుత్తులో అధిక భాగం వేడిగా వృథా అవుతుంది. ఉత్ప్రేరకం మెరుగై కిలోకు ఒక్క యూనిట్ మిగిలినా, పూడిమడక కేంద్రం పూర్తి స్థాయిలో నడిచిన నాడు రోజుకు 15 లక్షల యూనిట్లు ఆదా అవుతాయి.

నీటిని విడదీసేటప్పుడు ఆక్సిజన్ వెలువడే వైపే కష్టం ఎక్కువ. ఆమ్ల స్వభావం గల పొరతో పనిచేసే యంత్రాలలో అక్కడ చాలా లోహాలు కరిగిపోతాయి. చాలాకాలం నిలిచేది ఇరిడియం. ప్రపంచమంతటా అది ఏటా పది టన్నులైనా లభించదు. అందులో అత్యధిక భాగం దక్షిణాఫ్రికా గనులదే. క్షార ద్రావణంతో నడిచే యంత్రాలకు నికెల్ సరిపోతుంది. దానికి కొద్దిగా ఇనుము తోడైతే పనితనం మరింత పెరుగుతుంది. కానీ మబ్బు కమ్మి, తొలగి, విద్యుత్తు హెచ్చుతగ్గులైనప్పుడు ఇవి మొదటి రకమంత చురుకుగా సర్దుకోలేవు.

2023 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులను లక్ష్యంగా పెట్టుకున్నది. అంతటి భారాన్ని ఇరిడియం ఒక్కటే మోయలేదు. ఇరిడియం వాడకాన్ని తగ్గించడం, నికెల్, ఇనుము వంటి సామాన్య లోహాలతో దీర్ఘకాలం మన్నే ఉత్ప్రేరకాలను రూపొందించడం పరిశోధకుల ముందున్న కర్తవ్యం.

పాఠకులారా! నీటిని విద్యుత్తుతో విడదీసే ప్రయోగం మన పిల్లల పదవ తరగతి పాఠంలోనే ఉన్నది. దానిని బట్టీ పట్టించి వదలక, ఆ కడ్డీలు ఏ పదార్థంతో చేసినవి, వేరొకటి పెడితే ఏమవుతుంది అని వారిని అడుగుదాం. రేపటి పరిశోధన ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.