తెర వెనక చేతులు



పళ్ళెంలోని లడ్డు తనంత తానే లేచి, గాలిలో ప్రయాణం చేసి, ఒకరి నోట్లో పడితే ఎంత వింతగా ఉంటుంది! "మాయాబజార్" సినిమాలో ఘటోత్కచుడి భోజనం చూసినవారికి ఆ వింత తెలుసు. ఒకసారి నేనూ ఆ వింత చేయబోయి తంటాలు పడ్డాను.

అది 1990వ సంవత్సరం. నేనప్పుడు మా సంగారెడ్డి ప్రాంతంలో ఒక బడిలో పంతులుగా ఉన్నాను. టీవీలో "మహాభారత్" ముగిసిన రోజులవి. మా పోతిరెడ్డిపల్లిలో ఏ పిల్లవాడి చేతిలో చూసినా వెదురు విల్లే! ఆ ఉత్సాహం చూసి, బడి వార్షికోత్సవానికి ఘటోత్కచుడి విందు నాటకం వేయిద్దామనుకున్నాను.

కాగితం ఉండలకు పసుపు రంగు వేసి లడ్డులు చేశాం. వాటిని నల్లదారానికి గుచ్చాం. ఘటోత్కచుడి చెంప పక్కన నల్లతెరకు ఒక చిల్లు పెట్టాం. వెనక నుంచి ఒక కుర్రవాడు దారం లాగితే, లడ్డులు వరసగా నోటి దాకా వచ్చి మాయమవుతాయి. ఆ కుర్రవాడి తండ్రి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పనిచేసేవాడు. కుర్రవాడికి మాట కాస్త తడబడేది. అందుకని వేషం ఇవ్వక దారం ఇచ్చాను.

నాటకంలో ఏం జరిగిందో చివర చెబుతాను. ముందు పెద్దవాళ్ళు ఈ పని ఎలా చేశారో చూద్దాం.

"మాయాబజార్" 1957 మార్చి 27న విడుదలైంది. దాన్ని నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే అంతకు పదేళ్ళ క్రితం "చందమామ" పత్రికను ప్రారంభించారు. దర్శకుడు కె.వి. రెడ్డి గారు. మాటలూ పాటలూ రాసినది పింగళి నాగేంద్రరావు గారు.

వారికి వచ్చిన మొదటి చిక్కు కెమెరాతో కాదు, కథతో. మహాభారతం మహాసముద్రం వంటిది. మూడు గంటల సినిమాలో అది ఎలా పడుతుంది? అందుకని శశిరేఖ పెళ్ళి కథ ఒక్కటి తీసుకున్నారు. ఈ కథ వ్యాసభారతంలో లేదు, జనం చెప్పుకుంటూ వచ్చినది. ఇంకో చిత్రం చూడండి. పాండవుల ఇంటి పెళ్ళి కథే అయినా, పాండవులు తెరమీద ఎక్కడా కనిపించరు! వారు లేకుండానే కథ నడుస్తుంది గనక, ఆ అయిదుగురినీ వదిలేశారు. ఏది చూపాలో తెలియడం ఒక విద్య అయితే, ఏది చూపనక్కరలేదో తెలియడం అంతకంటె పెద్ద విద్య.

రెండవ చిక్కు ద్వారకా నగరం. సముద్రం పక్కన బంగారు పట్నం ఎక్కడ దొరుకుతుంది? కళాదర్శకులు గోఖలే, కళాధర్ గార్ల ఆధ్వర్యంలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల చోటులో సుమారు 300 బొమ్మ ఇళ్ళు కట్టారు. ఒక ఇల్లు ఇంకో ఇంటిలా ఉండదు! ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ గారు తన వెలుగునీడలతో ఆ బొమ్మ ఊరిని నిజమైన నగరంలా చూపారు. వడ్రంగులు, రంగులు వేసేవారు, దీపాలు పట్టేవారు, అంతా కలిసి సుమారు 400 మంది ఈ చిత్రానికి పనిచేశారు.

లడ్డుల సంగతి అడుగుతారా? తెరమీద అది కాసేపటి ముచ్చట. దాన్ని తీయడానికి నాలుగు రోజులు పట్టింది!

ఆ చిత్రంలోనే "ప్రియదర్శిని" అనే పెట్టె ఉంది. మూత తెరిచి చూస్తే, చూసేవారికి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. మన దేశంలో మొదటి టెలివిజన్ ప్రసారం ఢిల్లీలో 1959లో జరిగింది. అంటే అసలు పెట్టె రాకముందే మన పిల్లలు మాయపెట్టెను చూశారన్నమాట! హైదరాబాదుకు దూరదర్శన్ 1977లో వచ్చింది.

ఆ అసలు పెట్టెలోకి మహాకావ్యాలు ఎక్కినప్పుడు చిక్కులు ఇంకా పెరిగాయి. రామానంద్ సాగర్ గారి "రామాయణ్" 1987 జనవరిలో మొదలైంది. 52 భాగాలతో ముగించాలనుకున్నది 78 భాగాలయింది. తరవాత 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా గారి "మహాభారత్" మొదలై, 94 భాగాలు నడిచింది.

ఇక్కడ ఒక లెక్క చేయండి. భాగానికి 45 నిమిషాల చొప్పున 94 భాగాలకు ఎంత? 4,230 నిమిషాలు. భారతంలో లక్ష శ్లోకాలని పెద్దలంటారు. అంటే నిమిషానికి 23 శ్లోకాలకు పైగా చెప్పాలి! నోటితో గడగడా చదవడానికే అది చాలదు. ఇక యుద్ధాలూ, సభలూ, ఏడుపులూ ఎప్పుడు చూపాలి?

దీనికి రచయిత రాహీ మాసూమ్ రజా గారు చక్కని ఉపాయం పన్నారు. కథ చెప్పే పని కాలానికే అప్పగించారు. తిరుగుతున్న చక్రం కనబడుతుంది, "నేను కాలాన్ని" అంటూ ఒక గొంతు వినబడుతుంది. ఏళ్ళ తరబడి జరిగిన సంగతులను ఆ గొంతు నాలుగు మాటల్లో చెప్పేస్తుంది. ఆ గొంతు హరీశ్ భిమానీ గారిది. ఆయన ముఖం మనకు కనిపించదు.

సినిమా పూర్తికాకపోతే విడుదల తేదీని జరపవచ్చు. ఆదివారాన్ని జరపగలమా? వారం తిరిగేసరికి కొత్త భాగం సిద్ధంగా ఉండాలి. టీవీ వారికి ఇదే పెద్ద పరీక్ష.

ఇంత శ్రమపడినా ఫలితం దక్కుతుందన్న హామీ లేదు. రాజమౌళి గారి "బాహుబలి" రెండు భాగాలూ 2015లో, 2017లో వచ్చి లోకమంతా పేరు తెచ్చుకున్నాయి గదా. శివగామి చిన్ననాటి కథను ఆనంద్ నీలకంఠన్ గారు నవలగా రాశారు. దాన్ని ధారావాహికగా తీస్తామని నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2018లో ప్రకటించింది. కొంత తీశాక అది తృప్తిగా లేదని పక్కన పెట్టి, వేరే బృందంతో మళ్ళీ మొదలుపెట్టారని వార్తలు వచ్చాయి. చివరకు అది విడుదల కాకుండానే ఆగిపోయింది. డబ్బు పోయింది సరే. దుస్తులు కుట్టినవారు, కోటలు కట్టినవారు, ముఖాలకు రంగులు వేసినవారు చేసిన పనిని ఒక్క ప్రేక్షకుడైనా చూడలేదు!

ఇక మా నాటకం సంగతి. మొదటి లడ్డు సగం దూరం వచ్చి ఆగిపోయింది. దారం మేకుకు తగులుకున్నది. నా గుండె ఆగినంత పని అయింది. ఇంతలో లడ్డు కదిలింది, దాని వెనక రెండవది, మూడవది! జనం ఒకటే చప్పట్లు. తరవాత నేను వేదిక ఎక్కి వేషాలు వేసినవారి పేర్లు ఒక్కొక్కటే చదివాను. ఘటోత్కచుడికి బహుమతి ఇప్పించాను.

మరునాడు పొద్దున ఆ దారం కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. అతని చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. చీకట్లో మేకు వెతికి దారం విడిపించేటప్పుడు వేలు తెగిందట.

"సార్, లడ్డులు మంచిగ నడిచినయా? నాకు ఎనక నుంచి కనబడలే," అన్నాడు.

నాకు మాట రాలేదు. వాడి పేరు నేను చదవనే లేదు! ఆ రోజు ప్రార్థన సమయంలో బడి అందరి ముందూ వాడిని పిలిచి, నా తప్పు చెప్పి, వాడి పేరు చదివాను. కాని ముందు రోజు వచ్చిన వాడి తల్లిదండ్రులు అక్కడ లేరు. ఆ లోటు నేను తీర్చలేకపోయాను.

అప్పటినుంచి ఏ చిత్రం చూసినా చివర వచ్చే పేర్లన్నీ అయ్యేదాకా నేను లేవను. మీరూ ఈసారి కూర్చుని చూడండి. మీ బడి నాటకంలో తెర లాగినవాడి దగ్గరికి వెళ్ళి, ఎలా ఉన్నదో చెప్పండి. తెర వెనక ఉన్నవాడికి తన పని కనబడదు. చూసినవాళ్ళే చెప్పాలి.