మెదడు తరంగములు – మనసు క్రుంగుబాటు

భారత, సోవియట్ ప్రభుత్వములు 1955లో చేసికొన్న ఒడంబడిక ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. పనిని వెదకికొనుచు శ్రీకాకుళము మొదలగు ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారు అనేకులు ఆ నగరమున స్థిరపడిరి. కోహ్కా అచ్చటి పేటలలో నొకటి.

అట్టి పేటలో ఒక తెలుగు ఇంటిని ఊహింతము. ఇంటి యజమాని షిఫ్టులు మారుచు పనిచేయువాడు. నెల దినములుగా అతనికి తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చుచున్నది. అన్నము సహించుట లేదు. ఊరినుండి అన్నగారు ఫోను చేసినను పలుకబుద్ధి పుట్టుట లేదు. తల బరువుగా నున్నదని చెప్పగా భార్య వెంటబెట్టుకొని పోయి మెదడు పరీక్ష చేయించినది. రిపోర్టులో దోషమేమియు లేదు. “యంత్రమే ఏమీ లేదన్నది, ఇక జబ్బెక్కడిది?” అని బంధువులు తేల్చివేసిరి. ఆనాటినుండి అతడు తన బాధను చెప్పుకొనుటయే మానివేసెను.

యంత్రము అబద్ధమాడలేదు. అయినను అతనికి జబ్బు కలదు. ఇది ఎట్లు సంభవమో తెలిసికొనుట ప్రతి కుటుంబమునకు అవసరము.

తరంగములనగా నేమి?

మెదడులోని కణములు సూక్ష్మమైన విద్యుత్తుతో ఒకదానితో నొకటి వ్యవహరించును. జర్మనీ దేశములో యేనా నగరపు మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొట్టమొదట మనుష్యుని తలపైనుండి ఈ విద్యుత్తును నమోదుచేసి, 1929లో ప్రకటించెను. ఇదియే ఇ.ఇ.జి. పరీక్ష. తలపై అంటించిన చిన్న బిళ్లలకు అందు విద్యుత్తు టార్చిలైటు సెల్లులోని దానిలో సుమారు ముప్పదివేలవ వంతు మాత్రమే. ఈ పరీక్షలో తలలోనికి విద్యుత్తును పంపరు. తలనుండి వచ్చుదానిని వ్రాసికొందురు. నొప్పి యుండదు. దీనిని షాకు చికిత్సగా భావించి భయపడ నక్కరలేదు.

గాఢనిద్రలో తరంగములు సెకనుకు 4 కంటె తక్కువగా మెల్లగా సాగును. కన్నులు మూసికొని విశ్రాంతిగా నున్నప్పుడు 8 మొదలు 13 వరకు నుండును. పనిలో నిమగ్నమైనప్పుడు అంతకంటె వేగమందును.

మెదడులోని కోలాటము

మెదడులోని భాగములు ఒంటరిగా పనిచేయవు. కోలాటములో దూరముగా నున్న ఇరువురు సైతము ఒకే తాళమునకు అడుగులు వేయునట్లు, వేర్వేరు భాగముల తరంగములు కలిసి లేచి కలిసి పడుచుండును. ఈ పొందికను లెక్కగట్టి, ఏ భాగము దేనితో జతకూడి పనిచేయుచున్నదో శాస్త్రజ్ఞులు అంచనా వేయుదురు. క్రుంగుబాటు, అనగా డిప్రెషన్, గలవారి సమూహములలో ఈ పొందిక ఆరోగ్యవంతుల సమూహములలో కంటె కొంత భిన్నముగా నున్నట్లు పలు పరిశోధనలలో కనబడినది. గడచినదానినే తలపోయుచు తన్ను తాను నిందించుకొను స్వభావమునకు, మనిషి ఊరక కూర్చున్నప్పుడు చురుకుగా నుండు మెదడు భాగములకు సంబంధము కలదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

అయితే ఇది సమూహముల సగటు. పరిశోధనలన్నియు ఒకే ఫలితము నీయలేదు. పుర్రె గుండా వచ్చుటలో విద్యుత్తు చెదరుటచే ఒకే సంకేతము రెండు బిళ్లలకు చేరి, లేని పొందిక యున్నట్లు తోచుటయు కద్దు. ఆరోగ్యవంతుని రేఖలును, వ్యాధిగ్రస్తుని రేఖలును ఒక్కరీతిగా నుండవచ్చును. కావున ఈ రేఖలను మాత్రమే చూచి, ఒక వ్యక్తికి డిప్రెషన్ కలదనిగాని లేదనిగాని ఏ వైద్యుడును నిర్ణయింపజాలడు. మూర్ఛ మొదలగు వ్యాధులను గుర్తించుటలో మాత్రము ఇ.ఇ.జి. మిక్కిలి ఉపయోగకరము.

నిర్ణయించుట ఎట్లు?

రెండు వారములకు తక్కువగాక దాదాపు ప్రతిదినమును దిగులుగా నుండుట, దేనియందును ఆసక్తి లేకుండుట ముఖ్య లక్షణములు. నిద్ర, ఆకలి చెడుట, అలసట, ఏకాగ్రత తగ్గుట, తాను నిరర్థకుడనను భావము, చావు తలపులు వీనితో చేరవచ్చును. వైద్యుడు రోగిని విచారించి, థైరాయిడ్ లోపము వంటి కారణములున్నవేమో పరీక్షించి, నిర్ణయము చేయును. సలహా చికిత్స, మందులు, లేదా రెండును కలిపి అనేకులకు గుణమిచ్చును.

2015-16లో ఛత్తీస్‌గఢ్‌తో సహా 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము, ఇరువది మంది పెద్దలలో సుమారు ఒకరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినది. మానసిక వ్యాధులున్నవారిలో అత్యధికులకు చికిత్స అందుట లేదు. ఇది బలహీనులకు మాత్రమే వచ్చు జబ్బు కాదు. మెదడు తరంగములను కనుగొన్న బెర్గర్ సైతము తుదిదినములలో తీవ్రమైన క్రుంగుబాటునకు లోనై 1941లో మరణించెను.

కోహ్కాలోని ఆ ఇంటివారు చేయవలసినదేమి? రిపోర్టును ప్రక్కన బెట్టి, అతని ప్రక్కన కూర్చుండి, అతడు చెప్పునది ఓపికతో వినవలెను. పిదప వైద్యుని యొద్దకు తోడ్కొని పోవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరున రాత్రింబవళ్లు, ఉచితముగా, తెలుగులోను లభించును. చావు మాట ఎత్తినవానిని ఒంటరిగా విడువరాదు. వెంటనే సహాయము పొందవలెను. యంత్రము వ్రాసిన రేఖలో కనబడని బాధ మనిషి నోట వినబడును. వినువారు ఉండవలెను.