కారులో వెచ్చనిగాలి తగ్గినచో

ఎండకును మిరపఘాటునకును పేరొందిన మన ప్రత్తిపాటి సీమలో కారునకు వేడిగాలి యేలయని నవ్వవలదు. పుష్యమాసపు తెల్లవారున పాతకారుపై లంబసింగి కొండ యెక్కినవారికి దాని విలువ తెలియును. పైగా, ఆ వెచ్చదనము తగ్గుట ఇంజను జబ్బునకు గుర్తుగా నుండవచ్చునని మా హెచ్చరిక.

ఇంజనును చల్లార్చిన వేడినీరే హీటరులోని చిన్న రేడియేటరు గుండ పాఱి గాలిని వెచ్చజేయును. కావున మొదట, ఇంజను పూర్తిగ చల్లారిన పిదపనే మూత తీసి నీటిమట్టము చూడవలెను. నీరు సరిగ నున్నచో కొంతదూరము నడిపి, ఇంజను నాపి, హీటరు గొట్టములు రెంటిని మెల్లగ తాకిచూడుడు. రెండును గోరువెచ్చనైనచో థర్మోస్టాటు తెఱచుకొనియే యుండిపోయినదని తలంపవచ్చును. ఒకటి వేడిగను రెండవది చల్లగను నున్నచో లోన ఉప్పు పేరి పూడియుండును. బోరునీరు పోసిన బండ్లకు ఈ బాధ తఱచు. రెండును వేడియైనచో పంకాను, గాలిదారిని వెదకుడు.

వేడిముల్లు పైకెక్కుచుండగా హీటరు చల్లగాలి విసరెనా, నీరు కాఱిపోయినదని యెఱిగి బండి నచ్చటనే ఆపుడు.