పేరు లేని ప్రాణి, చివరి మనిషి

పిల్లల సంచిలో భయానక కథల పుస్తకం కనిపిస్తే, లాక్కుని అటక మీద పడేద్దామనే మనలో చాలామందికి ముందు అనిపిస్తుంది. శవాలు, కుట్లు, మనుషులు అంతరించిన లోకం! ఇవా చదవాల్సినవి అని కోపం వస్తుంది. ఆ కోపాన్ని కాసేపు పక్కనపెట్టి, ఈ రకం కథలకు దారి వేసిన ఇంగ్లండు రచయిత్రి మేరీ షెల్లీ ఏం రాసిందో చూద్దాం.

1815 ఏప్రిల్‌లో ఇండోనేసియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆకాశంలోకి ఎగసిన వాయువులు, ధూళి సూర్యరశ్మిని అడ్డుకోవడంతో 1816లో ఐరోపాకు వేసవి సరిగా రాలేదు. పంటలు దెబ్బతిన్నాయి. ఎడతెగని ఆ వానల్లో, జెనీవా సరస్సు ఒడ్డున కవి బైరన్ ఇంట చేరిన మిత్రులు తలా ఒక దెయ్యం కథ రాయాలనుకున్నారు. అప్పుడు మేరీకి 18 ఏళ్లు. ఆమె మొదలుపెట్టిన కథే 'ఫ్రాంకెన్‌స్టైన్'. 1818లో రచయిత పేరు లేకుండా 500 ప్రతులు అచ్చయ్యాయి.

విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు, శవాలు కోసే గదుల నుంచి, కబేళాల నుంచి తెచ్చిన భాగాలతో ఎనిమిది అడుగుల దేహాన్ని కూర్చి ప్రాణం పోస్తాడు. అది కళ్లు తెరవగానే అసహ్యంతో పారిపోతాడు. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ఆ ప్రాణి అని చాలామంది అనుకుంటారు. అది తయారుచేసినవాడి ఇంటిపేరు. ప్రాణికి ఎవరూ పేరే పెట్టలేదు.

ఉపాధ్యాయులు తప్పక చదవాల్సిన భాగం ఆ తర్వాతది. ఆ ప్రాణి ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుంటుంది. గోడ సందులోంచి వింటూ నిప్పు, పాలు, రొట్టె, కట్టె అనే మాటలు ముందుగా పట్టుకుంటుంది. ఇంతలో ఆ ఇంటికి వేరే దేశపు అమ్మాయి వస్తుంది. ఆమెకు లోపల భాష నేర్పుతుంటే, అదే పాఠం బయటి నుంచి విని ఆమెకన్నా త్వరగా నేర్చుకుంటుంది. ఒకరోజు ధైర్యం చేసి, చూపులేని ఆ ఇంటి పెద్దాయనతో మాట్లాడుతుంది. ఆయన ఆదరంగా వింటాడు. అంతలో వచ్చిన కొడుకు దాని ఆకారం చూసి కర్రతో కొడతాడు. అది హత్యలకు దిగేది ఆ తర్వాతే.

1826లో మేరీ రాసిన 'ది లాస్ట్ మ్యాన్' వెలువడింది. అప్పటికి ఆమె ముగ్గురు బిడ్డలను పోగొట్టుకుంది, భర్త సముద్రంలో మునిగిపోయాడు. 21వ శతాబ్దం చివర మహమ్మారి మనుషులందరినీ తుడిచిపెట్టగా మిగిలిన ఒకే ఒక్కడి కథ ఇది. చదివేవారు లేరని తెలిసీ అతడు రోమ్‌లో కూర్చుని జరిగిందంతా రాస్తాడు. చివరికి ఒక కుక్కను, కొన్ని పుస్తకాలను వెంటబెట్టుకుని పడవెక్కుతాడు.

ఒకరికి భాష వచ్చినా పలకరించేవారు లేరు. ఇంకొకరికి భాష మిగిలినా వినేవారు లేరు. ఈ రెండు కథల్లో అసలు భయం అదే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా పెరిగే మన పిల్లలకు, గోడ అవతల నిలబడి నేర్చుకోవడమంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు.

అలాగని చిన్న తరగతుల చేతికి ఇవ్వమనడం లేదు. 'ఫ్రాంకెన్‌స్టైన్'లో పసివాడి హత్య కూడా ఉంది. తొమ్మిది, పది తరగతులకైతే ఆ కొట్టం భాగాన్ని ఇంట్లోనో బళ్లోనో తెలుగులో చెప్పవచ్చు. భుజాన మాటలాడే శవంతో నడిచే విక్రమార్కుడి కథలు విన్న పిల్లలకు ఇది మరీ కొత్తేమీ కాదు. తర్వాత అడగండి: తప్పెవరిది? పడ్డ బాధ చేసిన హత్యను మాఫీ చేస్తుందా? నువ్వైతే దానికి ఏం పేరు పెడతావు?

పిల్లలు తెచ్చే మరే భయానక కథకైనా ఒక చిన్న పరీక్ష చాలు. అందులో ఛిద్రమైన దేహానికి తన గోడు చెప్పుకునే చోటుందా? ఉంటే కలిసి చదవండి. రక్తం చూపించడమే పనిగా ఉంటే, ఎందుకు వద్దంటున్నారో పిల్లలకు చెప్పి పక్కన పెట్టండి.