ఆకుల రంగులు చూడబోయే అమ్మానాన్నలకు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి, నాలుగైదు నెలలు ఉండివచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ ఉండటంలో అక్టోబరు నెల కలిసివచ్చిందంటే, ఒక శుక్రవారం సాయంత్రం కొడుకో అల్లుడో ఇంటికి వస్తూనే, "రేపు ఆకులు చూడటానికి వెళుతున్నాం, బట్టలు సర్దుకోండి" అంటాడు. ఆకులు చూడటానికి అంత దూరం పోవటమేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. తప్పక చూడదగ్గ వింత అది.

చలికాలం దగ్గరపడేకొద్దీ అక్కడ పగళ్ళు కురచనవుతాయి. మేపుల్, బర్చి వంటి చెట్ల ఆకుల్లో పత్రహరితం క్షీణిస్తుంది. అంతవరకు దాని చాటున దాగివున్న పసుపు రంగు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడు కొత్తగా తయారవుతుంది. ఆకులో నిలిచిపోయిన చక్కెర దానికి ఆధారం. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆ ఎరుపు మరింత నిగ్గుతేలుతుంది. ఆకులో చక్కెర నిలిస్తే అందం. మన నెత్తురులో నిలిస్తే మాత్రం ప్రమాదం సుమా!

ఎప్పుడు, ఎక్కడికి?

ఉత్తరాన ఉన్న వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు నడిమి వరకు రంగులు బాగుంటాయి. వర్జీనియాలోని షెనండోవా కొండల మీద అక్టోబరు రెండో పక్షంలో చూడవచ్చు. ఇంకా దక్షిణాన గ్రేట్ స్మోకీ కొండల దిగువ భాగాల్లో నవంబరు తొలి రోజుల దాకా ఉంటాయి. కనుక ఒక వారం ఒంట్లో నలతగా ఉంటే ప్రయాణం మానుకోవచ్చు. ఇంకోచోట రంగులు మీకోసం కాచుకునే ఉంటాయి.

షెనండోవాలోని స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు పొడవు 105 మైళ్ళు. దాని మీద గంటకు 35 మైళ్ళకు మించి పోరాదు. అంటే తాపీగా చూసేందుకే వేసిన రోడ్డన్నమాట. చిక్కంతా అక్కడికి చేరటంలో ఉంది. న్యూ జెర్సీ నుంచి న్యూ హాంప్‌షైర్ కొండలకు ఐదారు గంటల ప్రయాణం. శనివారం పోయి, ఆదివారం రాత్రికి తిరిగివస్తే, చూసినదానికన్నా కూర్చున్నదే ఎక్కువ.

మొహమాటం తెచ్చే జబ్బు

నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డు ఉపాధ్యాయుని భార్యకు 68 ఏళ్ళు. మధుమేహం, రక్తపుపోటు ఉన్నాయి. అలాంటి ప్రయాణంలో ఆమె పొద్దుటినుంచి రాత్రిదాకా రెండు గ్లాసుల నీళ్ళు కూడా తాగలేదట. ఎందుకని అడిగితే, "మాటిమాటికీ కారాపమంటే అబ్బాయికి విసుగు కదండీ" అన్నారావిడ. మూడోనాటికి ఒక కాలి పిక్క వాచి నొప్పిపెట్టింది. నడక ఎక్కువైందనుకొని నొప్పి మందు రాసుకుని ఊరుకున్నారు. కోడలు గమనించి ఆసుపత్రికి తీసుకుపోతే, లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టిందని తేలింది. మూడు నెలలు మందులు వాడాక కుదుటపడ్డారు.

గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే పిక్కల్లో రక్తం మందగిస్తుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలే ఆ రక్తాన్ని పైకి తోస్తాయి. కూర్చుంటే ఆ తోపు ఉండదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణమేదైనా సరే, ఈ ప్రమాదం పెరుగుతుంది. పెద్ద వయసు, స్థూలకాయం, ఇటీవల జరిగిన ఆపరేషను, లోగడ ఇలాగే గడ్డకట్టి ఉండటం దాన్ని ఇంకా పెంచుతాయి. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు.

కనుక గంటన్నరకొకసారి, ఎంత లేదన్నా రెండు గంటలకొకసారి కారాపించి ఐదు నిమిషాలు నడవండి. కూర్చున్నప్పుడు మడమలు ఆనించి వేళ్ళు ఎత్తటం, వేళ్ళు ఆనించి మడమలు ఎత్తటం చేస్తూ ఉండండి. నీళ్ళు మానవద్దు. నీరుడు పోయించే మాత్ర వాడేవారు ఆ రోజు ఏ వేళకు వేసుకోవాలో ముందే డాక్టరును అడగాలి. సొంతంగా మానేయటం మంచిది కాదు. రక్తం గడ్డకట్టకుండా ఉండాలని తోచినట్లు ఆస్పిరిన్ మింగటమూ మంచిది కాదు.

ఒక కాలే వాచినా, వేడిగా ఎర్రబడి నొప్పిపెట్టినా అదేరోజు డాక్టరుకు చూపించాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గుతో నెత్తురు కనబడితే 911కు ఫోను చేయించాలి. కొండల్లో చాలాచోట్ల సెల్‌ఫోను పలకదు. బయలుదేరే ముందే దారిలోని ఆసుపత్రులు ఎక్కడున్నాయో చూసుకోవటం మేలు.

మధుమేహం ఉన్నవారికి

న్యూ హాంప్‌షైర్‌లోని కాంకమాగస్ రోడ్డు సుమారు 35 మైళ్ళు. ఆ దారిలో పెట్రోలు బంకు లేదు. భోజనం వేళ తప్పితే, చక్కెర తగ్గించే మాత్రలో ఇన్సులినో తీసుకున్నవారికి చెమటలు, వణుకు, తికమక రావచ్చు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయరాదు. పంచదార పొట్లం, అరటిపండ్లు, పులిహోర డబ్బా చేతికందేచోట ఉండాలి, డిక్కీలో కాదు.

ఇన్సులినును రాత్రిపూట కారులో వదిలేయకండి. ఆ చలికి గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మన డాక్టరు రాసిన చీటీకి అక్కడి షాపులు మందులివ్వవు. ఉన్నన్నాళ్ళకూ సరిపడా మందులు, వాటి అసలు పేర్లు రాసిన కాగితం వెంట ఉండాలి.

చలి, జారుడు, పిడుదులు

తడిసిన ఆకులు అరటితొక్కల్లా జారతాయి. చెప్పులు వదిలి, పట్టున్న బూట్లు వేసుకోండి. ఒక లావుపాటి కోటు కన్నా రెండు మూడు పల్చని ఉన్ని బట్టలు మేలు. జలుబు చేసిందని అక్కడి షాపుల్లో దొరికే మాత్రలు అడగకుండా మింగవద్దు. కొన్నింటివల్ల రక్తపుపోటు పెరుగుతుంది. ప్రోస్టేటు గ్రంథి వాచిన మగవారికి మూత్రం బంధించవచ్చు.

ఫోటో కోసం పొదల్లోకి, రాలిన ఆకుల్లోకి దిగేవారు పిడుదులను మరచిపోకూడదు. ఆ ప్రాంతంలో ఒక జాతి పిడుదు కుట్టి లైమ్ వ్యాధిని అంటిస్తుంది. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనుక, చంకల్లో, నడుము చుట్టూ చూసుకోండి. కనబడితే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిట్టనిలువుగా లాగేయాలి. తరువాత నెలరోజుల లోపల ఎర్రని మచ్చ వెడల్పవుతూ వచ్చినా, జ్వరం వచ్చినా, స్వదేశంలో మీ డాక్టరుకు సైతం పిడుదు సంగతి చెప్పండి. మొదట్లో పట్టుకుంటే మామూలు మాత్రలతో నయమవుతుంది.

చివరగా పిల్లలకు ఒక మాట. సాయంత్రం తొందరగా పొద్దుగూకే రోజులవి. జింకలు రోడ్డుకు అడ్డం వచ్చే కాలమూ అదే. చీకటి పడకముందే బసకు చేరండి. వీలైతే శుక్రవారమో సోమవారమో సెలవు పెట్టి, రెండు రోజుల ప్రయాణాన్ని మూడు రోజులు చేయండి. "కారు ఆపమంటారా?" అని మీ అమ్మను అడిగితే, "వద్దు నాయనా, పోనీ" అనే అంటుంది. అడగకండి. రెండు గంటలకొకసారి ఆపేసి, మీరే ముందు దిగండి. ఆమె తప్పక వెనకే దిగుతుంది.