వేసవిలో ఇంటి అమ్మకం

వేసవిలో ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, చూడవచ్చేవారికి అది చల్లగా ఉండేట్లు చేయడం అమ్మకపు ఏర్పాట్లలో ముఖ్యమైనది. తెలుగు రాష్ట్రాలలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత చాలాచోట్ల 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది.

కాంక్రీటు శ్లాబు పగలంతా వేడిని గ్రహించి, పొద్దువాలిన తరువాత కూడా గదులలోకి విడుస్తూ ఉంటుంది. ఇల్లు చూడడానికి ఎక్కువమంది వచ్చేది కూడా ఎండ తగ్గిన సాయంత్రమే. అందువలన పై అంతస్తు ఇళ్ళకు నష్టం ఎక్కువ. డాబాపై తెల్లసున్నం గాని, ఎండను పరావర్తనం చేసే పూత గాని వేయించితే శ్లాబులోకి చేరే వేడే తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం, 600 చదరపు గజాలు లేదా అంతకు మించిన స్థలంలోని నివాస భవనాలకు ఇటువంటి పైకప్పును తప్పనిసరి చేసింది.

తడిపిన వట్టివేళ్ళ తడికలు, ఎయిర్ కూలర్లు పొడిగాలి వీచే తెలంగాణ, రాయలసీమలలో బాగా పనిచేస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నం వంటి తీరప్రాంతాలలో వాటికంటే ఎదురెదురు కిటికీలు, పంకాలే మేలు.

కొందరు ముందుగానే ఏసీ వేసి శ్లాబు వేడి తెలియనీయరు. కొనేవారు ఏసీ ఆపించి, కొంతసేపు కూర్చొని చూడవలెను. పూత ఎప్పుడు వేయించినదీ అడగవలెను. అది మాసేకొద్దీ చల్లదనం తగ్గుతుంది.