చిట్టా మరచిన యంత్రము

తిరువూరులో ఒక పాఠశాల గదియందు ముప్పది కంప్యూటర్లు ఉన్నవనుకొందాము. ఆటలు నిషేధమని ఒక్కొక్కదానికి పోయి చెప్పనక్కరలేదు. సర్వరునందు నిబంధన వ్రాసిన చాలును, యంత్రములే చదువుకొనును. విండోస్ 2000తో వచ్చిన ‘గ్రూప్ పాలసీ’ ఈ పద్ధతియే.

యంత్రము వెలిగినపుడును, పిమ్మట సుమారు 90 నిమిషముల కొకసారియు సర్వరును విచారించును. అన్నియు ఒకేసారి ఎగబడకుండ ఒక్కొక్కటి 30 నిమిషములలోపు ఏదో ఒక వ్యవధిని కలుపుకొనును. ఏ నిబంధన ఎన్నవ కూర్పు తనకందినదో రిజిస్ట్రీలో చిట్టా వ్రాసికొనును. కూర్పుసంఖ్యలో ఒక చమత్కారమున్నది: యంత్రమునకు చెందిన మార్పుకు 1, వాడుకరికి చెందిన మార్పుకు 65,536 కలియును. 65,539 అనగా వాడుకరి భాగము ఒకమారు, యంత్రభాగము మూడుమార్లు మారినవన్నమాట. సంఖ్య మారనిచో సాధారణముగా యంత్రము ఊరకుండును.

ఆ చిట్టాయే పోయినచో? విండోస్‌ను తిరిగి స్థాపించినపుడు అది ఎటులను ఖాళీయే. అందు వింత లేదు. పిల్లల మార్పులు నిలువకుండ, వెలిగించగానే డిస్కును పాత స్థితికి తెచ్చు ఏర్పాటు కొన్ని ప్రయోగశాలలలో ఉండును. దానితో చిట్టాయు పాతదగును! సర్వరులో ఏడవ కూర్పు, యంత్రము చేతిలో నాల్గవది. నిన్న నేర్చినదే నేడు మరల నేర్చును, రేపును అంతే. పరీక్షనాటి ఉదయము గది అంతయు ఒకేసారి వెలిగించినచో విద్యార్థులు తెరల ముందు వేచియుండవలసివచ్చును.

ఇంకొక చిక్కు గలదు. పాత చిట్టాలో ఉండి కొత్త జాబితాలో లేనిదే రద్దయిన నిబంధన. చిట్టా ఖాళీయైనచో పోల్చుటకేమియు లేదు. కొన్ని పాత అమరికలు తొలగక నిలిచిపోవచ్చును. కనుక నిబంధన మార్చినపుడెల్ల నిర్వాహకుడు డిస్కు కట్టును కొంతసేపు సడలించి, కొత్త చిట్టా వ్రాయబడిన పిమ్మటనే మరల బిగించవలెను.